ఉద్యోగం తీసేస్తే లేబర్ కోర్టుకు వెళ్లాను: మూడేళ్ల నా అనుభవం

బెంగళూరు బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాలో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో 2014 జూన్‌లో చేరాను. క్వాలిటీ విభాగం. 2022 మార్చి 31న తీసేశారు. 2025 ఆగస్టులో అదే ఫ్యాక్టరీలో మళ్లీ చేరాను. ఈ మధ్యలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. తీసేసిన కొత్తలో ఇలాంటిది తెలుగులో ఎవరైనా రాశారేమోనని రాత్రుళ్లు కూర్చుని వెతికాను. చట్టం గురించి బోలెడు దొరికింది. కానీ లెటర్ చేతికొచ్చాక రేపు పొద్దున ఎక్కడికి వెళ్లాలి, ఎవర్ని కలవాలి, చేతినుంచి ఎంత పోతుంది, ఇంట్లో ఏం చెప్పాలి అన్నది మాత్రం దొరకలేదు.

ఆ రోజు గురువారం. సాయంత్రం నాలుగున్నరకు హెచ్‌ఆర్ రమ్మన్నారు. ఒక షాఫ్ట్ బ్యాచ్ చెక్ చేస్తూ సగంలో వదిలేసి వెళ్లాను. రెండు కాగితాలు ముందు పెట్టారు. ఒకటి టెర్మినేషన్ లెటర్: విభాగాన్ని పునర్వ్యవస్థీకరిస్తున్నాం, మీ పోస్టు ఇక అవసరం లేదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లోని షరతు ప్రకారం ఒక నెల నోటీసు జీతం ఇస్తున్నాం, ఈ రోజే ఆఖరి రోజు. రెండోది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం. అందులో చివరి పేరాలో ‘కంపెనీ మీద నాకు ఇక ఏ క్లెయిమూ లేదు’ అని ఉంది. కింద నా పేరు, సంతకానికి గీత.

ఏడేళ్ల తొమ్మిది నెలల సర్వీసు. ఒక్క మెమో లేదు. అంతకుముందు ఏడాదే జీతం పెంచడం కుదరదని చెప్పి, దానికి బదులుగా ‘అసిస్టెంట్ మేనేజర్ - క్వాలిటీ’ అని హోదా ఇచ్చి విజిటింగ్ కార్డులు కొట్టించి ఇచ్చారు. ఆ కార్డులే తర్వాత కోర్టులో నా మీదికి వచ్చాయి.

లెటర్ అందినట్టు సంతకం పెట్టి, తేదీ వేశాను. సెటిల్‌మెంట్ కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానన్నాను. ‘ఇప్పుడే పెడితే రేపే డబ్బు పడుతుంది మేడమ్, లేకపోతే లేటవుతుంది’ అన్నాడు హెచ్‌ఆర్ అబ్బాయి. పెట్టలేదు. ఆ క్షణంలో నాకు చట్టమేమీ తెలియదు. చేతులు వణుకుతుంటే సంతకం పెట్టకూడదని మా నాన్న ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది, అంతే. టేబుల్ సొరుగులోని టిఫిన్ బాక్సు, కళ్లజోడు తీసుకోవడానికి కూడా సెక్యూరిటీ అన్న వెంట వచ్చాడు. పాపం ఆయన తల దించుకుని నడిచాడు.

హెబ్బగోడిలోని ఇంటికి వచ్చాక మా ఆయనకు చెప్పాను. అత్తయ్యకు వారం దాకా చెప్పలేదు. పొద్దున మామూలుగానే బాక్సు కట్టుకుని బయల్దేరి, పాప స్కూలు దగ్గర పార్కులో కూర్చునేదాన్ని. హిందూపురంలో అన్నయ్యకైతే నెల దాటాక తెలిసింది. తప్పు చేయకపోయినా సిగ్గు వేస్తుంది. ఎందుకు తీశారని అడిగితే చెప్పడానికి కారణం ఉండదు, కారణం లేకుండా తీస్తారా అన్నట్టు చూస్తారు.

ఇంకో దెబ్బ ఆ రాత్రే తెలిసింది. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. అత్తయ్యకు ఏప్రిల్‌లో కంటి ఆపరేషన్ అనుకున్నాం. అది వాయిదా వేయాల్సి వచ్చింది. మీ ఇంట్లో అలాంటి పేషెంట్ ఉంటే, తీసేసిన వారంలోనే ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి. గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఇస్తారేమో కనుక్కోండి.

ఏప్రిల్ మొదటి వారంలో పక్క ఫ్యాక్టరీ యూనియన్‌లో పనిచేసే కదిరి ఆయన ఒకరు మా ఆయనకు తగిలారు. ‘అక్కా, ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా మంచి పని చేశావు. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకోవడం ఆపెయ్. ఏదైనా రాతలోనే’ అన్నారు. ఆయనే అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్లుగా లేబర్ కేసులు చూస్తున్న ఒక లాయర్ గారి దగ్గరికి పంపారు.

లాయర్ గారు లెటర్ చదివాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ‘పొద్దున వెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా చేతులతో ఏం చేస్తావమ్మా?’ అన్నారు. చెప్పాను. మెషిన్ మీద మొదటి పీస్ రాగానే వెర్నియర్, మైక్రోమీటర్ పెట్టి కొలుస్తాను. బోర్‌లో ప్లగ్ గేజ్ దిగుతుందో లేదో చూస్తాను. కొలతలు రిపోర్టులో రాస్తాను. తేడా ఉంటే ప్రొడక్షన్ వాళ్లకు చెప్పి ఎర్ర ట్యాగ్ కడతాను. ‘ఎవరికైనా సెలవు నువ్వు మంజూరు చేస్తావా? ఎవరి మీదైనా చర్య తీసుకోగలవా? ఎవరి ఇంక్రిమెంట్ అయినా నీ చేతిలో ఉందా?’ లేదన్నాను. ‘అయితే నీ కార్డు మీద ఏమున్నా చట్టం లెక్కలో నువ్వు వర్క్‌మన్‌వే, అంటే కార్మికురాలివే. మన కేసంతా దీని మీదే నడుస్తుంది’ అన్నారు. అక్షరాలా అలాగే నడిచింది.

నా కేసు పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 కింద జరిగింది. అప్పట్లో అమల్లో ఉన్న ఆ చట్టంలో 2(ఎస్) సెక్షన్ ప్రకారం మేనేజర్ స్థాయి పని చేసేవాళ్లు వర్క్‌మన్ కిందికి రారు. సూపర్‌వైజర్ పనిలో ఉండి నెలకు పది వేలకు మించి జీతం తీసుకునేవాళ్లూ రారు. చేతిపని, టెక్నికల్ పని, గుమాస్తా పని చేసేవాళ్లకైతే జీతం ఎంతైనా పరవాలేదు. నా జీతం 41,600. కాబట్టి నాది సూపర్‌వైజర్ పని అని వాళ్లు రుజువు చేస్తే కేసు అక్కడే పోతుంది. టెక్నికల్ పని అని మేం రుజువు చేస్తే 25-ఎఫ్ సెక్షన్ వర్తిస్తుంది. ఏడాదికి పైగా సర్వీసున్న వర్క్‌మన్‌ను అవసరం లేదని తీసేసేటప్పుడు నెల నోటీసు లేదా జీతంతో పాటు, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకూ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే అదీ ఏడాది కిందే లెక్క. నాకు ఎనిమిదేళ్ల లెక్కన సుమారు లక్షా అరవై ఆరు వేలు రావాలి. ఒక్క రూపాయి ఇవ్వలేదు. అది తీసేసేనాటికే ఇచ్చి తీరాల్సిన డబ్బు, తర్వాత చూద్దామనేది కాదు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. నాకు అప్పుడు తీసేసిన నాటినుంచి కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువుండేది. కొత్త కోడ్‌లో అది రెండేళ్లే. సూపర్‌వైజర్ల జీతం పరిమితి పది వేల నుంచి పద్దెనిమిది వేలయింది. ఇప్పుడు లెటర్ అందుకున్నవాళ్లు నా తేదీలు చూసుకుని తీరిగ్గా ఉండకండి.

ఏప్రిల్ 13న కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో డిమాండ్ లెటర్ పంపాం: తీసేసింది చెల్లదు, తిరిగి తీసుకోండి అని. పోస్టాఫీసు రసీదు, తిరిగొచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఫైల్లో పెట్టాను. జవాబు రాలేదు. ఏప్రిల్ 25న బన్నేరుఘట్ట రోడ్డులో డైరీ సర్కిల్ దగ్గరున్న కార్మిక శాఖ ఆఫీసు కార్మిక భవనకు వెళ్లి కన్సిలియేషన్ అధికారికి, అంటే ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే అధికారికి దరఖాస్తు ఇచ్చాను. ఫీజు లేదు. రెండు కాపీలు తీసుకెళ్లి, మన కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర చాలా ముఖ్యం. ఎందుకంటే పాత చట్టం 2-ఎ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి 45 రోజులు గడిస్తే, రాజీ ప్రయత్నం ముగిసినా ముగియకపోయినా మనంతట మనమే లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. కర్ణాటకలో 10(4-ఎ) అని ఇంకో దారి కూడా ఉండేది. ఆరు నెలల్లోపు అయితే కన్సిలియేషన్ లేకుండానే నేరుగా కోర్టుకు పోవచ్చు. లాయర్ గారు మాత్రం ముందు రాజీకి ప్రయత్నిద్దామన్నారు. కంపెనీ ఏం వాదించబోతుందో అక్కడే బయటపడుతుందని ఆయన ఆలోచన.

మే 18న మొదటి సమావేశం. నోటీసు కన్నడలో వచ్చింది. లిపి దగ్గరిదే కాబట్టి కూడబలుక్కుని చదివాను. కన్సిలియేషన్‌కు లాయర్లను రానివ్వరని నాకు ముందు రోజు దాకా తెలియదు. కంపెనీ తరఫున హెచ్‌ఆర్ మేనేజరు, ఆయన పక్కన లేబర్ వ్యవహారాల కన్సల్టెంట్ వచ్చారు. నేను ఒక్కదాన్నే. కడుపులో తిప్పేసింది. అధికారి నెమ్మదస్తురాలు, నా హిందూపురం కన్నడ విని తెలుగులోనే చెప్పమంది. చెప్తుండగా గొంతు పూడుకుపోయింది. ఆవిడ నీళ్లిచ్చి, కంపెనీ వాళ్లవైపు తిరిగి, ‘పరిహారం లెక్క ఏదీ?’ అని అడిగింది. ‘ఆమె మేనేజర్, ఆ సెక్షన్ ఆమెకు వర్తించదు’ అన్నాడు కన్సల్టెంట్. లాయర్ గారు ఊహించినట్టే వాళ్ల వాదన ఆ రోజే చేతికొచ్చింది. ఆ మాటను మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో రాయమని అడిగాను, రాశారు.

జూన్‌లో రెండో సమావేశంలో కంపెనీ వాళ్లు గడువు కోరారు. నెలాఖరు సమావేశంలో 75 వేలిస్తాం, ముగిద్దాం అన్నారు. నేనూ, మా ఆయనా ఆ రాత్రి చాలా సేపు మాట్లాడుకున్నాం. పాప ఫీజు కట్టాలి. నా గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది. ఆయనకు మెడికల్ షాపులో వచ్చేది 19 వేలు. తీసుకుందామని నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా విభాగంలో ట్రైనీగా ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, ‘మేడమ్, మీ టేబుల్‌లో కాంట్రాక్టర్ ద్వారా కొత్తావిడను పెట్టారు, అదే పని’ అని చెప్పింది. పోస్టు అవసరం లేదన్నవాళ్లు అదే పనికి ఇంకొకరిని పెట్టుకున్నారు. తీసేసినవాళ్లలో ఎవరైనా వస్తామంటే మళ్లీ తీసుకునేటప్పుడు ముందు వాళ్లకే అవకాశం ఇవ్వాలని ఆ చట్టంలో 25-హెచ్ సెక్షన్ ఉండేది. ఆ ఫోన్ తర్వాత మా ఇంట్లో ఆ 75 వేల మాట మళ్లీ రాలేదు.

జూలై 18న లేబర్ కోర్టులో క్లెయిమ్ వేశాం. కోర్టు ఫీజు లేదు. లాయర్ గారు మొత్తం 40 వేలకు ఒప్పుకున్నారు: వేసేటప్పుడు పది, సాక్ష్యం దశలో పదిహేను, వాదనలకు పదిహేను. టైపింగ్, జిరాక్స్, నోటరీ, దారిఖర్చులు వేరే. వాటిని తక్కువ అంచనా వేయకండి, ఈ చిల్లరే మూడేళ్లలో మరో పదిహేను వేలు దాటింది.

ఈలోగా చేతికి రావాల్సిన మిగతా డబ్బు సంగతి. గ్రాట్యుటీకి కేసుతో సంబంధం లేదు. సంతకం పెట్టలేదు కాబట్టి ఆపేస్తామనే హక్కు వాళ్లకు లేదు. ఫారం 1 నింపి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నా బేసిక్ 20,800. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే 12,000, ఎనిమిదేళ్లకు 96,000. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే వడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తామని లాయర్ గారు రెండో లెటర్ రాశాక ఆగస్టులో పడింది. తీసుకుంటూ ‘నా కేసు హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను’ అని ఒక మెయిల్ పంపాను. పీఎఫ్‌ది మరో చిక్కు. కంపెనీ నా ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం ముగిసిన తేదీ ఎక్కించలేదు, అది లేకపోతే డబ్బు తీయలేం. చివరి జమ తర్వాత రెండు నెలలు దాటితే పోర్టల్‌లో ఆ తేదీని మనమే వేసుకోవచ్చు. వేసుకుని కొంత తీశాను. గొలుసు విడిపించడానికి కాదు, ఫీజుకు.

కోర్టులో కంపెనీ తరఫు లాయర్ సెప్టెంబర్‌లో వకాలత్ వేశారు, డిసెంబర్‌లో కౌంటర్, అంటే మా క్లెయిమ్‌కు రాతపూర్వక జవాబు వేశారు. పదకొండు గంటలకు కేసు పిలుస్తారని పదింటికే వెళ్లి కూర్చుంటే, మధ్యాహ్నం పన్నెండున్నరకు పిలిచి అర నిమిషంలో నెలన్నర తర్వాతి తేదీ ఇస్తారు. హెబ్బగోడి నుంచి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రావడానికి పట్టే సమయంలో ఆ అర నిమిషాన్ని తలుచుకుంటే ఏడుపొచ్చేది. ప్రతి వాయిదాకూ మనం వెళ్లక్కర్లేదు, లాయర్ చూసుకుంటారు. ఆ సంగతి తెలిశాక అవసరమైన రోజులకే వెళ్లాను.

2023 ఏప్రిల్‌లో జిగణిలో గేజీలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూసే చిన్న షాపులో నెలకు 16 వేలకు చేరాను. చేరేముందు లాయర్ గారిని అడిగాను, కేసు దెబ్బతింటుందా అని. ‘బతకడానికి పని చేసుకోవడం తప్పేం కాదమ్మా. కానీ దాచకు. అఫిడవిట్‌లో ఎంత వస్తోందో రాద్దాం’ అన్నారు. రాశాం.

కేసును తిప్పింది కాగితాలు. నా దగ్గర ఇంక్రిమెంట్ లెటర్లు, కొన్ని మెయిళ్లు తప్ప ఏమీ లేవు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులన్నీ కంపెనీలోనే ఉన్నాయి. 2023 మార్చిలో వాటిని కోర్టుకు తెప్పించమని అప్లికేషన్ వేశాం. ‘అన్ని రిపోర్టులూ’ అని అడిగితే కొట్టేస్తారట. అందుకని నేను నా పాత చిన్న డైరీ తీసి, ఏ నెలలో ఏ పార్టు, ఏ కస్టమర్ అన్నది గుర్తు చేసుకుంటూ లిస్టు రాశాను. జూన్‌లో ఆర్డరు వచ్చింది. ఆగస్టులో కంపెనీ ఫైళ్లు తెచ్చి పెట్టింది.

ఆ రిపోర్టు ఎలా ఉంటుందంటే, పైన పార్టు నంబరు, డ్రాయింగ్ నంబరు. మధ్యలో గళ్లలో కొలతలు, నా చేతిరాత. అడుగున రెండు గళ్లు: ఎడమవైపు ‘చెక్డ్ బై’, కుడివైపు ‘అప్రూవ్డ్ బై’. ఏ ఏడాది రిపోర్టు తీసినా ఎడమ గడిలో నా సంతకం, కుడి గడిలో మేనేజర్‌ది. నాకు ‘అసిస్టెంట్ మేనేజర్’ అని హోదా ఇచ్చిన తర్వాతి రిపోర్టుల్లో కూడా అంతే. సంతకం గడి కూడా మారలేదు. ఇన్నేళ్లూ రోజూ పెట్టిన సంతకం ఎప్పుడూ ఎడమవైపే ఉందని నేను అంతకుముందు గమనించనే లేదు. లాయర్ గారు పేజీలు తిప్పుతూ ఆ గడి మీద వేలు పెట్టి చూపిస్తే ఒళ్లు జలదరించింది.

2023 నవంబర్‌లో, మళ్లీ 2024 జనవరిలో కంపెనీ లాయర్ నన్ను క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు. నేను ఒకటో సాక్షిని. ప్రశ్నలు కన్నడలో, టైపిస్టు పక్కనే టైపు చేస్తుంటారు, చివర్లో చదివి సంతకం పెట్టాలి. విజిటింగ్ కార్డు చూపించి ఇది మీదేనా అన్నారు. నాదే అన్నాను. ఇద్దరు ట్రైనీలకు మీరు షిఫ్టు కేటాయించిన మెయిల్ ఇదిగో అన్నారు. గుండె జారింది. నిజమే, పంపాను. కానీ మేనేజర్ ఫోన్లో చెప్పింది టైపు చేసి పంపాను. అదే చెప్పాను. ఆ మెయిల్ మొదట్లోనే ‘మేనేజర్ గారి సూచన ప్రకారం’ అని ఉంది. ఆ ముక్క చదవమని నేనే అడిగాను. తర్వాత జిగణి ఉద్యోగం మీద పడ్డారు. ‘మీకు ఉద్యోగం ఉంది, సంపాదిస్తున్నారు, మరి ఈ కేసు దేనికి?’ అన్న ధోరణిలో అడిగారు. 41 వేల జీతం పోయి 16 వేలకు రోజంతా నిలబడి పనిచేస్తున్నానని చెప్తుంటే కోపంతో కన్నీళ్లొచ్చాయి. జడ్జి గారు రెండు నిమిషాలు ఆగమన్నారు.

క్రాస్‌కు వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. తెలియకపోతే తెలియదనండి, గుర్తులేకపోతే లేదనండి, అడిగినదానికి మించి ఒక్క మాట చెప్పకండి. మా లాయర్ గారు ముందు రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి ఇదే సాధన చేయించారు.

కంపెనీ సాక్షిగా హెచ్‌ఆర్ మేనేజర్ వచ్చారు. మా లాయర్ గారు తొందరపడలేదు. ‘ఆమె ఎవరికైనా సెలవు మంజూరు చేసిన కాగితం ఉందా?’ ‘లేదు.’ ‘ఎవరికైనా మెమో ఇచ్చారా?’ ‘లేదు.’ ‘అప్రూవ్డ్ బై గడిలో ఆమె సంతకం ఉన్న ఒక్క రిపోర్టు చూపించగలరా?’ ఆయన ఫైలు తిప్పారు. చాలా సేపు తిప్పారు. ‘ఇప్పుడు నా దగ్గర లేదు’ అన్నారు. వెనక బెంచీలో మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఇది 2024 జూలై. ఇక అయిపోతుందనుకుంటే జడ్జి గారికి బదిలీ అయింది. నవంబర్ దాకా కొత్తవారు రాలేదు. కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా కష్టమైన కాలం అదే. పోరాడుతున్నప్పుడు ఒక ఊపు ఉంటుంది. ఏమీ జరగని నెలల్లో మనిషి కుంగిపోతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. మా ఆయనకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. ఊళ్లో పెళ్లికి వెళ్తే ‘ఇంకా ఆ కేసేనా?’ అని అడుగుతారని వెళ్లడం మానేశాను.

డిసెంబర్‌లో లోక్ అదాలత్‌కు పెట్టారు. కంపెనీ మూడున్నర లక్షలిస్తామంది, ఉద్యోగం మాట ఎత్తొద్దని షరతు. ఈసారి నిర్ణయం నాదేనని ఇంట్లో వదిలేశారు. నాకు అప్పటికి నలభై దాటాయి. బయట 16 వేలు మించి ఎవరూ ఇవ్వడం లేదు. నాకు కావాల్సింది నా పని. ఒప్పుకోలేదు.

2025 జనవరిలో వాదనలు. చట్టవిరుద్ధంగా తీసేసినప్పుడు తిరిగి తీసుకుని, బయట ఉన్న కాలానికి వెనకటి జీతం ఇవ్వడమే మామూలు నియమమని 2013లో సుప్రీం కోర్టు దీపాలీ గుండు సుర్వసే కేసులో చెప్పింది. మా లాయర్ గారు దాని మీదే నిలబడ్డారు. మార్చి చివరి వారంలో అవార్డు, అంటే లేబర్ కోర్టు తీర్పు వచ్చింది: నేను వర్క్‌మన్‌నే, 25-ఎఫ్ పాటించలేదు కాబట్టి తీసేయడం చెల్లదు, సర్వీసు కొనసాగింపుతో తిరిగి తీసుకోవాలి, నేను వేరేచోట కొంత సంపాదించాను కాబట్టి వెనకటి జీతంలో సగం ఇవ్వాలి. లాయర్ గారు ఫోన్లో చెప్పినప్పుడు జిగణి షాపులో ఉన్నాను. చేతిలో మైక్రోమీటర్ ఉంది. దాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, బయటికెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అయితే అవార్డు రాగానే మర్నాడు పనిలోకి వెళ్లడం ఉండదు. అప్పటి చట్టం ప్రకారం కోర్టు దాన్ని ప్రభుత్వానికి పంపాలి, ప్రభుత్వం ప్రచురించాలి, ప్రచురించిన ముప్పై రోజుల తర్వాతే అమలుకు వచ్చేది. మాది మే నెలలో ప్రచురణ అయింది. ఈలోగా కంపెనీ హైకోర్టుకు వెళ్తామని కబురు పంపింది. మా మాట వినకుండా స్టే ఇవ్వొద్దని మా లాయర్ గారు ముందే హైకోర్టులో కేవియట్ వేసి ఉంచారు. హైకోర్టులో కేసు నడిచినంత కాలం, నేను వేరే ఉద్యోగంలో లేనని అఫిడవిట్ ఇస్తే 17-బి సెక్షన్ కింద నాకు చివరి జీతం నెలనెలా ఇవ్వాల్సి వస్తుంది. పని లేకుండా జీతం ఇచ్చేకన్నా పనిలోకి తీసుకోవడమే మేలని వాళ్ల లాయరే చెప్పినట్టున్నారు.

జూలై చివర్లో రమ్మన్నారు. వెళ్తే కొత్త అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి సంతకం పెట్టమన్నారు. పెడితే 2014 నుంచి ఉన్న సర్వీసు పోయి కొత్తగా చేరినట్టవుతుంది. పెట్టలేదు. ‘అవార్డు ప్రకారం పాత ఉద్యోగంలోనే చేరుతున్నాను’ అని జాయినింగ్ రిపోర్టు రాసి ఒకటి చేతికిచ్చి, ఒకటి మెయిల్‌లో, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆగస్టు 4న గేటు లోపలికి వెళ్లాను. ఆ మరుసటి వారమే బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మెట్రో మొదలైంది. కోర్టుకు బస్సుల్లో తిరిగిన రోజుల్లో అదెక్కడుందో!

మొదటి నెల ఎవరూ సరిగా మాట్లాడలేదు. నాతో టీ తాగితే మేనేజర్ ఏమనుకుంటారోనని వాళ్ల భయం. ఇప్పుడు కాస్త నయం. కాంట్రాక్టులో వచ్చిన ఆవిడను తీసేయలేదు, ఇద్దరం పక్కపక్కనే పనిచేస్తున్నాం. అది నాకు నిజంగా సంతోషం, నా వల్ల ఆవిడ పని పోతుందేమోనని లోపల బాధగానే ఉండేది. నా హోదా ‘సీనియర్ ఇన్‌స్పెక్టర్’ అని మార్చారు. జీతం తగ్గించలేదు.

వెనకటి జీతం సగం లెక్కన ఏడున్నర లక్షలకు కాస్త తక్కువ వచ్చింది, నవంబర్‌లో పడింది. అవార్డు తేదీ నుంచి చేరేదాకా నెలల జీతం పూర్తిగా ఇచ్చారు. అంత మొత్తం ఒకే ఏడాదిలో రావడంతో టీడీఎస్ గట్టిగానే కోశారు. ఈ బకాయి పాత సంవత్సరాలది కాబట్టి ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 89 సెక్షన్ కింద ఉపశమనం ఉంటుంది. రిటర్ను వేయడానికి ముందే పోర్టల్‌లో ఫారం 10ఈ నింపాలి, లేకపోతే ఆ ఉపశమనం ఇవ్వరు. అందుకు ఏ ఏడాదికి ఎంత అన్న విడి లెక్క కంపెనీ నుంచి కావాలి. రాతలో అడిగాను, ఇచ్చారు. ఆ మూడేళ్ల పీఎఫ్ జమ మాత్రం ఇంకా పెండింగ్‌లో ఉంది. దాని మీద లెటర్ పోయిన వారమే పంపాను.